బలమైన క్లచ్‌ను ఎంచుకోవడం, అది కుదురుకునే దాకా నడపడం

ఇంజన్‌కు రీమ్యాప్ (ఎక్కువ శక్తి కోసం ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామును మార్చడం) చేయించాక చాలా కార్లలో ముందుగా చేతులెత్తేసేది క్లచ్. టర్బో బూస్టు, ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ అన్నీ లాప్‌టాప్ ముందు కూర్చున్న ఒక పూటలో మారిపోతాయి. పెరిగిన టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, గేర్‌బాక్సుకు అందించవలసిన క్లచ్ ప్లేటు మాత్రం పాత టార్క్‌కు లెక్క కట్టి పెట్టినదే అయి ఉంటుంది. పాలకొల్లులో నేను నడిపే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ విషయంలోనూ ఇదే జరిగింది. కంపెనీ ఇచ్చిన టార్క్ సుమారు 200 న్యూటన్ మీటర్లు కాగా, రీమ్యాప్ తరువాత అది 260కి చేరింది. ఊళ్ళో తిరిగినంతసేపూ తేడా తెలిసేది కాదు. సిద్ధాంతం అనే ఊరి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఇంజన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు ఒక్క ఉదుటున పైకి లేచేది, స్పీడోమీటర్ ముల్లు దాని వెంట కదిలేది కాదు, కాసేపటికి కాలిన వాసన లోపలికి వచ్చేది. క్లచ్ జారుతోందనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. కొత్త క్లచ్‌ను ఎంచుకోవడంలోనూ, దాన్ని సెట్ అయ్యేలా నడపడంలోనూ నేను తెలుసుకున్నదాన్ని మన గోదావరి జిల్లాల్లో ఇదే పనికి పూనుకునేవారి కోసం రాస్తున్నాను. కారు రోజూ తిరిగే రోడ్డును బట్టి క్లచ్‌ను ఎంచుకోవాలన్నదీ, కొత్త క్లచ్ కుదురుకోవడాన్ని కిలోమీటర్లలో కొలవకూడదన్నదీ నా గట్టి అభిప్రాయం.

క్లచ్ జారినంత మాత్రాన ప్లేటు బలం చాలడం లేదని తేల్చెయ్యకూడదు. ఇంజన్ ప్రధాన షాఫ్టు అయిన క్రాంక్ షాఫ్టు వెనుక ఆయిల్ సీలు కారి నూనె ప్లేటు మీద పడినా, గేర్‌బాక్సు ముందు సీలు కారినా, ఎంత బలమైన క్లచ్ అయినా జారుతుంది. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ పూర్తిగా వెనక్కి రాకపోతే, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి) అదిమే ప్రెషర్ ప్లేటు తన పూర్తి బలంతో నొక్కజాలదు. ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంటే ఇక చెప్పేదేముంది. వీటిని చూసుకోకుండా ఖరీదైన కిట్ తెప్పించి బిగిస్తే, పాత జబ్బే కొత్త ప్లేటుకు అంటుకుంటుంది. నా కారులో సీళ్ళు పొడిగా ఉన్నాయి, లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) సగానికి పైగా మిగిలే ఉంది. కనుక కంపెనీ క్లచ్‌లో లోపం లేదనీ, అది తనకు అప్పగించిన పనిని చక్కగానే చేసిందనీ, పెరిగిన టార్క్‌ను మోయడం మాత్రం దాని లెక్కలో లేనిదనీ తేలింది.

క్లచ్ ఎంత టార్క్ మోయగలదో చెప్పే సూత్రం చాలా చిన్నది. రాపిడి ముఖాల సంఖ్య, ఘర్షణ గుణకం (లైనింగ్ పట్టు ఎంతో చెప్పే అంకె), ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, రాపిడి వలయపు సగటు వ్యాసార్ధం, ఈ నాలుగింటినీ గుణిస్తే ఆ అంకె వస్తుంది. ఒకే ప్లేటు ఉన్న క్లచ్‌లో ముఖాలు రెండు. లెక్క కోసం ఘర్షణ గుణకం 0.3 అనీ, నొక్కే బలం 5,000 న్యూటన్లు అనీ, సగటు వ్యాసార్ధం 90 మిల్లీమీటర్లు అనీ తీసుకుంటే జవాబు 270 న్యూటన్ మీటర్లు. 200 న్యూటన్ మీటర్ల ఇంజన్‌కు ఇది మూడో వంతుకు పైగా మిగులు. అదే క్లచ్‌కు 260 అప్పగిస్తే మిగిలేది పది మాత్రమే. పైగా ఘర్షణ గుణకం ఎప్పుడూ ఒకేలా ఉండదు. లైనింగ్ బాగా వేడెక్కి అది 0.25కు దిగితే మోయగలిగేది 225 న్యూటన్ మీటర్లే, అంటే ఇంజన్ ఇచ్చేదానికంటే తక్కువ. అప్పుడు జారుడు మొదలవుతుంది, జారుడు వల్ల వేడి పెరుగుతుంది, వేడి వల్ల పట్టు ఇంకా తగ్గుతుంది. ఒక్కసారి జారడం మొదలుపెట్టిన క్లచ్ కొద్ది వారాల్లోనే పూర్తిగా పాడైపోవడానికి కారణం ఇదే. నొక్కే బలాన్ని 30 శాతం పెంచి 6,500 న్యూటన్లు చేస్తే అదే ప్లేటు చల్లగా ఉన్నప్పుడు 351, వేడి మీద 292 మోస్తుంది. 260కి ఈ మిగులు సరిపోతుంది.

ఈ లెక్కలో హార్స్ పవర్ ఎక్కడా లేదని గమనించాలి. క్లచ్‌కు కావలసింది టార్క్, అదీ క్రాంక్ షాఫ్టు దగ్గరి టార్క్. డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కొలిచిన అంకె ట్రాన్స్‌మిషన్‌లో పోయేది పోగా మిగిలినది కనుక, కిట్ ఎంచుకునేటప్పుడు ఆ అంకెను నేరుగా వాడకూడదు. స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అని పెట్టెల మీద ఉండే పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక తయారీదారు స్టేజ్ 1 అన్నది మరొకరి స్టేజ్ 2 కావచ్చు. ఎంత టార్క్ మోస్తుంది, లైనింగ్ దేనితో చేశారు, హబ్‌లో, అంటే ప్లేటు మధ్య భాగంలో, స్ప్రింగులు ఉన్నాయా లేవా, ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

ఇక లైనింగ్ సంగతి. ఎంపికలో అసలు ఆలోచించవలసింది ఇక్కడే. కంపెనీ కార్లలో ఎక్కువగా కనిపించేది ఆర్గానిక్ లైనింగ్. గాజు నార, రాగి లేదా ఇత్తడి తీగ, రెసిన్, రబ్బరు కలిపి చేస్తారు. ఇది మెత్తగా పట్టుకుంటుంది, కొంత వేడెక్కినా చల్లారాక చాలావరకు తన పట్టును తిరిగి పొందుతుంది. కెవ్లార్ అన్నది 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న అరామిడ్ నార. దానితో చేసిన లైనింగ్ చాలాకాలం మన్నుతుంది, మెత్తగానూ పట్టుకుంటుంది, కానీ సెట్ కావడానికి ఆర్గానిక్ కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. సెట్ కాకముందే దాన్ని మాడ్చితే పైపొర గాజులా నున్నబడిపోయి, తరువాత ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ పట్టు సరిగా తిరిగి రాదు. మూడోది సెరామిక్ బటన్ల ప్లేటు. రాగి పొడిలో సెరామిక్ రేణువులు కలిపి కాల్చి చేసిన మూడు, నాలుగు లేక ఆరు దిమ్మెలు ప్లేటు మీద ఉంటాయి. దాని ఘర్షణ గుణకమూ, వేడిని తట్టుకునే శక్తీ రెండూ ఎక్కువే. కానీ అది పట్టుకునే తీరు దాదాపు స్విచ్చు వేసినట్టుగా ఉంటుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు కారు మొత్తం వణుకుతుంది, ఫ్లైవీల్ ముఖమూ త్వరగా అరుగుతుంది.

రేస్ ట్రాక్ మీద సెరామిక్ ప్లేటుకు సాటి లేదు, ఆ మాట నేను కాదనను. అయితే డెల్టాలో కారు ఎలా తిరుగుతుందో చూడండి. కాలువ గట్టు మీది ఒంటి దారి రోడ్డులో ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే మార్జిన్‌లోకి దిగి, అది దాటేదాకా అంగుళం అంగుళం జరగాలి. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగిలిన సగంలో ట్రాక్టర్ వెనుక నడక వేగంతో పోవాలి. అమలాపురం గడియార స్తంభం దగ్గరా, భీమవరం బజారులోనూ సాయంత్రం పూట మొదటి గేరు దాటే అవకాశమే రాదు. ఇలాంటి చోట్ల క్లచ్‌కు మెత్తదనం కావాలి. అందుకే నేను స్ప్రింగులున్న హబ్‌తో కూడిన ఆర్గానిక్ ప్లేటునూ, దాని వెనుక నొక్కే బలం పెంచిన ప్రెషర్ ప్లేటునూ తీసుకున్నాను. హబ్‌లోని స్ప్రింగులు ఇంజన్ కుదుపులను మింగి గేర్‌బాక్సు పళ్ళను కాపాడతాయి. స్ప్రింగులు లేని గట్టి హబ్‌ను రోజూ నడిపే కారుకు నేను ఎవరికీ సిఫారసు చేయను. 350 న్యూటన్ మీటర్లకు పైబడిన కారు ఉన్నవారైతే కెవ్లార్ గురించి ఆలోచించవచ్చు, కానీ దాన్ని సెట్ చేసే ఓపిక ముందుగా తమకు ఉందో లేదో చూసుకోవాలి.

నొక్కే బలం పెరిగితే పెడల్ బరువెక్కుతుంది. ఆ బరువు కాలికి మాత్రమే పరిమితం కాదు. పెడల్ తొక్కిన ప్రతిసారీ రిలీజ్ బేరింగ్ మీదా, హైడ్రాలిక్ సిలిండర్ల సీళ్ళ మీదా, క్రాంక్ షాఫ్టును ముందుకు జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీదా అంతే ఒత్తిడి పడుతుంది. అవసరానికి మించిన ప్రెషర్ ప్లేటు తీసుకోవద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచదు. రైలు గేటు దగ్గర పది నిమిషాలు ఆగవలసి వస్తే న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయాలి. రెండు ప్లేట్ల క్లచ్‌లో ముఖాలు నాలుగవుతాయి కనుక తక్కువ నొక్కుడు బలంతోనే ఎక్కువ టార్క్ మోస్తుంది, కానీ ధర చాలా ఎక్కువ, మన అవసరానికి అంత అక్కర లేదు.

బిగింపు రోజున షెడ్డులో నేను పక్కనే ఉన్నాను. గేర్‌బాక్సు దించి, పాత ప్రెషర్ ప్లేటు విప్పాక ఫ్లైవీల్ ముఖం మీద గుండ్రంగా, అర్ధరూపాయి బిళ్ళలంత నీలం మచ్చలు కనిపించాయి. క్లచ్ జారినప్పుడు ఆ చోట్ల పోత ఇనుము విపరీతంగా వేడెక్కి, వెంటనే చల్లబడి, చుట్టూ ఉన్న లోహం కంటే గట్టిపడిపోతుంది. ఫ్లైవీల్‌ను తణుకులో ఒక లేతు షాపుకు తీసుకువెళ్ళాం. రైస్ మిల్లుల షాఫ్టులూ, పడవల ఇంజన్ల భాగాలూ బాగుచేసే పెద్ద వయసు మేస్త్రిగారు మచ్చల మీద వేలితో రాసి చూసి, "లేతు మీద తిప్పితే టూలు ఈ మచ్చల మీదికొచ్చేసరికి ఎగిరిపోద్దండి బాబుగారూ, గ్రైండింగే చెయ్యాలి" అన్నారు. "అలాగే చెయ్యండి మేస్త్రిగారూ, ఎంత తీస్తున్నారో మాత్రం కొలిచి చెప్పండి" అన్నాను. ఆయన మాట అక్షరాలా నిజం. గట్టిపడిన మచ్చ మీద టూలు పైకి లేస్తే అక్కడ చిన్న దిబ్బ మిగిలిపోతుంది, కొత్త ప్లేటు ఆ దిబ్బల మీదనే ఆనుతుంది. గ్రైండింగ్ రాయి ఒక్కో విడతలో వెంట్రుకవాసి లోహాన్ని తీస్తూ పోతుంటే మచ్చలు నీలం నుంచి లేత గోధుమ రంగుకు మారి, చివరికి ముఖమంతా ఒకే బూడిద రంగుకు వచ్చింది. పగుళ్ళు లేవని ఆయన నూనె గుడ్డతో తుడిచి, లైటు వాలుగా పెట్టి చూపించారు. పగుళ్ళు లోతుగా ఉన్న ఫ్లైవీల్‌ను గ్రైండ్ చేయించకూడదు, మార్చెయ్యాలి. ముఖం లోపలికి దిగినట్టుండే మెట్టు ఫ్లైవీల్ అయితే రాపిడి ముఖం నుంచి ఎంత తీశారో ప్రెషర్ ప్లేటు బిగించే అంచు నుంచి కూడా అంతే తీయాలి, లేకపోతే నొక్కే బలం మారిపోతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది) ఉన్నవారికి ఈ దారి లేదు. చాలామంది తయారీదారులు దాన్ని గ్రైండ్ చేయడానికి ఒప్పుకోరు, ఆ భాగాల మధ్య వదులును కొలిచి హద్దు దాటితే మార్చడమే.

బిగింపులో మిగిలిన జాగ్రత్తలు చిన్నవే అయినా ఏ ఒక్కటీ వదలదగ్గది కాదు. ఫ్లైవీల్‌నూ, ప్రెషర్ ప్లేటు ముఖాన్నీ బ్రేక్ క్లీనర్‌తో కడిగాక వేలు కూడా తగలనివ్వకూడదు. ప్లేటు ఎక్కే గేర్‌బాక్సు షాఫ్టు గాడుల (స్ప్లైన్ల) మీద గ్రీజు పలుచని పొరగా రాసి, ప్లేటును ఒకసారి ఎక్కించి దింపి, మిగిలినది తుడిచెయ్యాలి. ఎక్కువైన గ్రీజు ఇంజన్ తిరిగినప్పుడు ఎగిరి లైనింగ్ మీదే పడుతుంది. ప్లేటును అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకు తెచ్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తూ పోయి, చివరికి టార్క్ రెంచితో ముగించాలి. ఒక పక్క ముందుగా బిగిస్తే కవరు వంగి, పెడల్ వదిలేటప్పుడు వణుకు శాశ్వతంగా ఉండిపోతుంది. రిలీజ్ బేరింగ్‌నూ, క్రాంక్ వెనుక సీలునూ ఇదే అదనుగా మార్పించాను, ఎందుకంటే వాటి కోసం మళ్ళీ గేర్‌బాక్సు దించే కూలి ఆ రెండింటి ధర కంటే ఎక్కువ. పాత ప్లేటు దుమ్మును మాత్రం కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి. పాత బండ్ల లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడవడం పనిచేసేవారి ఊపిరితిత్తులకు మంచిది.

కొత్త క్లచ్ బిగించిన రోజున ప్లేటూ ఫ్లైవీలూ కంటికి ఎంత చదునుగా కనిపించినా, నిజానికి అవి ఎత్తుగా ఉన్న కొన్ని చోట్ల మాత్రమే తగులుతుంటాయి. ఆ కొద్ది చోట్ల మీదనే బరువంతా పడితే అవి మాడిపోతాయి. కొత్త రుబ్బురోలును పిండికి వాడేముందు తవుడు వేసి రుబ్బినట్టే, ఈ రెండు ముఖాలూ ఒకదాన్నొకటి నెమ్మదిగా సరిచేసుకోవడానికి వీలివ్వాలి. ఈ పని జరిగేది పెడల్ వదిలి, ప్లేటు జారుతూ పట్టుకునే ఆ ఒకటి రెండు క్షణాల్లోనే. పెడల్ పూర్తిగా వదిలి ఐదో గేరులో రాజమహేంద్రవరం నుంచి ఏలూరు దాకా పోయినా రాపిడి అన్నదే జరగదు కనుక క్లచ్ సెట్ కావడానికి అది ఏమీ ఉపయోగపడదు. తయారీదారులు సాధారణంగా 800 కిలోమీటర్లు ఊళ్ళో నడపమని చెప్పడంలో అసలు మాట ఊళ్ళో అన్నది, 800 అన్నది కాదు. కెవ్లార్‌కైతే ఇంతకు దాదాపు రెట్టింపు అడుగుతారు. కిట్‌తో వచ్చిన కాగితం ఇంకేదైనా చెబితే దాన్నే పాటించాలి.

ఈ విషయంలో మన ప్రాంతం నిజంగా వరం. పాలకొల్లు నుంచి వీరవాసరం మీదుగా భీమవరం వెళ్ళే దారిలోనూ, మార్టేరు, పెనుగొండ వైపు వెళ్ళే దారిలోనూ ఊరు విడిచి ఊరు తగులుతూనే ఉంటుంది. ప్రతి ఊరికీ స్పీడ్ బ్రేకర్లు, ప్రతి మలుపులో ఒక వంతెన, దారి పొడవునా ఆగడం, కదలడం, గేరు మార్చడం. నేల చదునుగా ఉంటుంది కనుక వంతెనల ఎక్కుడు తప్ప ప్లేటు మీద అదనపు భారం వేసే ఎత్తులు లేవు. క్లచ్ కుదురుకునే దాకా నా తిరుగుడంతా ఈ దారుల్లోనే పెట్టుకున్నాను. మారేడుమిల్లి ఘాట్ వైపు వెళ్ళే ఆలోచనను అప్పటికి వాయిదా వేశాను. రీమ్యాప్ తీయించి కంపెనీ మ్యాప్‌నే వేయించాను. రీమ్యాప్ ఉన్నవారందరూ ఇలా చేయాలని నా గట్టి సలహా, ఎందుకంటే కాలు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఓవర్‌టేక్ సమయంలో ఒక్కసారి పూర్తి టార్క్ వచ్చేస్తే అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా అవుతుంది.

అయితే ఆగి కదలడం వేరు, హాఫ్ క్లచ్ మీద పాకడం వేరు. సంక్రాంతి రోజుల్లో కార్లన్నీ ఒకదాని వెనుక ఒకటి పాకే ట్రాఫిక్‌లో కొత్త క్లచ్‌ను పెట్టకూడదు. అక్కడ ప్లేటు నిమిషాల తరబడి జారుతూనే ఉంటుంది, చల్లారే వ్యవధి దొరకదు. ముందు కారు రెండు కారుల దూరం జరిగేదాకా ఆగి, మొదటి గేరులో ఇంజన్‌ను ఐడిల్ కంటే కొద్దిగా మాత్రమే పెంచి, పెడల్‌ను సాఫీగా, ఆలస్యం లేకుండా పూర్తిగా వదలాలి. దీని వెనుక ఒక లెక్క ఉంది. ఇంజన్ వేగం స్థిరంగా ఉంచి నిలిచిన కారును కదిలిస్తే, కారు ఎంత గతిశక్తి సంపాదించిందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. 1,200 కిలోల కారును మొదటి గేరులో కదిలిస్తే క్లచ్ గంటకు 10 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా పట్టుకుంటుందనుకుందాం. అప్పుడు పుట్టే వేడి 4.6 కిలోజౌళ్ళు. రెండో గేరులో కదిలిస్తే ఆ పట్టు గంటకు 18 కిలోమీటర్ల దగ్గర గాని దొరకదు, వేడి 15 కిలోజౌళ్ళకు చేరుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర దాదాపు ఆగిపోయి కూడా రెండో గేరులోనే లాగించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది క్లచ్‌కు మూడింతల శిక్ష.

మొదట్లో కొంచెం వాసన రావచ్చు, పెడల్ పట్టుకునే చోటు కొద్దిగా మారవచ్చు, కదిలేటప్పుడు సన్నని వణుకు కూడా ఉండవచ్చు. రోజురోజుకూ ఇవి తగ్గుతుంటే కంగారుపడనక్కరలేదు. వణుకు తగ్గకుండా అలాగే ఉన్నా, పెరుగుతున్నా, గేర్లు పడేటప్పుడు గీరుమన్నా నడపడం ఆపి, బిగింపును తిరిగి చూపించాలి. నాకు వాసన తొందరగానే పోయింది, వణుకు మాత్రం నేననుకున్నదానికంటే ఎక్కువ కాలం నిలిచి, క్రమంగా పూర్తిగా సర్దుకుంది.

ఆ తరువాత పరీక్ష. కంపెనీ మ్యాప్ మీదనే, రావులపాలెం దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో 50 నుంచి 80 దాకా యాక్సిలరేటర్‌ను మొదట సగం, తరువాత పూర్తిగా తొక్కి చూశాను. ఇంజన్ వేగమూ కారు వేగమూ కలిసి పెరగాలి, ఆ రెండింటి నిష్పత్తి ఒకే గేరులో ఎప్పటికీ మారకూడదు. ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ వివరాలు చదివే సాకెట్టుకు) చిన్న రీడర్ తగిలించి ఫోన్‌లో రెండింటినీ రికార్డు చేసుకుంటే కంటికి అందని చిన్న జారుడు కూడా దొరికిపోతుంది. ఆ నిష్పత్తిని చూపే గీత తిన్నగా వచ్చింది. ఆ మీదట రీమ్యాప్‌ను మళ్ళీ వేయించి, అదే పరీక్ష చేసినా గీత చెదరలేదు. ఇంజన్‌లో ఇలాంటి మార్పు చేసినవారు ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే తెలియజేయడం అవసరం.

ఇక వర్షాకాలం. క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ పూర్తిగా మూసి ఉండదు. ముసురు పట్టిన రోజుల్లో కారు కదలకుండా ఉంటే, గ్రైండ్ చేసిన కొత్త ఫ్లైవీల్ ముఖం మీద సన్నని తుప్పు పొర పడుతుంది. మరునాడు మొదటి రెండు మూడు సార్లు క్లచ్ పట్టేసినట్టుగా కుదుపు ఇచ్చి, ఆ పొర రాలిపోగానే మామూలవుతుంది. కాలువ పొంగి రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు మాత్రం, లోతు తెలియకుండా కారు దించడం మంచిది కాదు. నీటితో పాటు లోపలికి పోయిన ఒండ్రు ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ మధ్య చేరితే లైనింగ్‌ను గీరేస్తుంది.

క్లచ్‌కూ బ్రేకుకూ చాలా కార్లలో ఒకే ద్రవపు డబ్బా (రిజర్వాయర్) ఉంటుంది, అందులోని ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరిన ద్రవానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. నరసాపురం, రాజోలు, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో తేమకు కొదవ లేదు. బరువైన ప్రెషర్ ప్లేటు వేసినవారు ఈ ద్రవాన్ని రెండేళ్ళకు మించి ఉంచకుండా మార్పించి, గాలి బుడగలు లేకుండా బ్లీడ్ చేయించుకోవాలి. గాలి చేరినా, తేమ చేరిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుట్టినా పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు పూర్తిగా విడివడదు, అప్పుడు గేరు మార్చిన ప్రతిసారీ గేర్ల వేగాలను కలిపే సింక్రోనైజర్ రింగులు అరుగుతాయి. ఈ వేసవిలో నా కారుకు ద్రవం మార్పించినప్పుడు రిజర్వాయర్‌లోంచి వచ్చినది తేనె రంగులోనే ఉంది, క్లచ్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ నుంచి వచ్చిన మొదటి గుక్కెడు మాత్రం టీ డికాషన్ రంగుకు తిరిగి ఉంది. కనుక రిజర్వాయర్‌లోని రంగు చూసి సరేననుకోకుండా, క్లచ్ వైపు బ్లీడ్ నిప్పుల్ నుంచి కూడా పాత ద్రవమంతా వెళ్ళిపోయేదాకా తీయించండి.